లేర్‌టౌవర్ అంటే

పెరుగుపచ్చడిలోకి ఉల్లిపాయలు సన్నగా తరగమంటే మా ఆయన చక్రాలుగా కోసి పెట్టారు.

"ఇంత లావైతే ఎలా తింటారండీ?"

"తినేవాళ్ళకి పళ్ళున్నాయిలే."

"పోయిన వారం సన్నగా లేవని ఏరి పక్కన పెట్టింది మీరే."

"అయితే నువ్వే కోసుకో," అని కత్తి సింకులో పడేశారు.

ఆ విసుగు ఉల్లిపాయల మీద కాదని నాకు తెలుసు. మా అమ్మాయి అబిగేల్ చేసుకోబోయే డెరిక్, వాళ్ళమ్మ వీల్మా గారు ఆ మధ్యాహ్నం గ్వెల్ఫ్‌లోని మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. వాళ్ళు డచ్చివాళ్ళు. పెళ్ళిలో పంచే చిన్న పుస్తకంలో రెండు వైపుల పెద్దల పేర్లూ వృత్తులూ అచ్చు వేయించడం వాళ్ళింటి ఆనవాయితీ. మా వైపు కాగితం నెల రోజులుగా ఖాళీగానే ఉంది.

మా మామగారు దావీదు గారు తెనాలి బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవారు. ఆ పనితోనే కొడుకును ఇంజనీరింగ్ చదివించారు. మేం కెనడా వచ్చిన కొత్తలో తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఒకాయన, "ఇంటిపేరేంటి, మీరుండేది ఏ వైపు?" అని ఆరా తీస్తే, మా ఆయన "నాన్నగారు షూ కంపెనీ మేనేజరండీ" అనేశారు. ఆ మాటే ఇంట్లోనూ నిలబడిపోయింది. అబిగేల్‌కు తెలిసిన తాతయ్య ఆ మేనేజరే. ఆ అబద్ధం అచ్చు కావడం నాకిష్టం లేదు. నిజం చెప్పాల్సింది మాత్రం నేను కాదు.

భోజనాల దగ్గర వీల్మా గారు నవ్వుతూ అన్నారు: "మా చర్చికి కొత్తవాళ్ళొస్తే ఇంటిపేరు, ఊరు అడిగి, చుట్టరికం కలిపేదాకా మావాళ్ళు వదలరు."

మా ఆయన చేతిలో ముద్ద ఆగింది. "పేరుని బట్టి ఏం తెలుస్తుంది?"

"మా ఇంటిపేరు లేర్‌టౌవర్‌లో అంతా తెలుస్తుంది. లేర్ అంటే తోలు. టౌవర్ అంటే దాన్ని శుద్ధి చేసి మెత్తబరిచేవాడు. కంపు పడలేక వాళ్ళని ఊరి చివర, కాలవ దిగువన ఉంచేవారట."

"మామ్, తింటున్నారు అందరూ," అన్నాడు డెరిక్.

"తిననీ. ఆ కంపే మనకి రొట్టె పెట్టింది."

వాళ్ళ వెలి ఆ వాసనతోనే పోయింది. మాది అంత తేలిగ్గా పోయేది కాదు. ఆ తేడా మా ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఆవిడ ఆ మాట చెప్పి, తల వంచుకోకుండా ఇంకో గరిటె పప్పు వేసుకున్నారు. ఆయన అదే చూస్తున్నారు.

కాసేపటికి అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే అన్నారు: "మా నాన్న కూడా తోలుపనే చేశాడు. చెప్పులు కుట్టేవాడు."

అబిగేల్ స్పూను కింద పెట్టింది. "డాడీ, మేనేజర్ అన్నావ్ కదా?"

"అబద్ధం చెప్పానమ్మా."

"టు మీ?"

"ముందు వేరేవాళ్ళకి. తర్వాత నీకు."

అది నీళ్ళ జగ్గు అందుకుంది. "యూ కుడ్ హావ్ టోల్డ్ మీ," అని, ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

పొద్దుటి నుంచి ఏమీ తినలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. అన్నం పెట్టుకున్నాను.

"వీల్మా గారూ, అలాగే అచ్చు వేయించండి," అన్నారు మా ఆయన. "దావీదు, చెప్పులు కుట్టేవారు, తెనాలి. పక్కన మా అమ్మ లక్ష్మమ్మకీ అదే వృత్తి రాయండి. దారానికి మైనం పట్టించి ఇచ్చింది ఆమే."