చీకటి పళ్ళెంలో దుప్పి బిళ్ళ

హాస్లం వారింట్లో ఆ పొద్దున జరిగిన గొడవకి మూలం నోరిస్ బొటనవేలు.

ఆ శనివారం సాయంత్రం మాజీ సైనికుల హాల్లో బిళ్ళల సంఘం కొత్త పరీక్షకుణ్ణి తేల్చుకోబోతోంది. పాత పటాలాల టోపీ బిళ్ళలు పోగుచేసేవాళ్ళ సంఘం అది. ఏ బిళ్ళ నిజంగా సిపాయి నెత్తిన ఎక్కిందో, ఏది ఎవడో పెరట్లో పోతపోసి, తేయాకు నీళ్ళలో నానబెట్టి ముసలిదాన్ని చేసిందో చెప్పేవాడే పరీక్షకుడు. కెప్టెన్ పిల్లింగ్ ఏళ్ళ తరబడి చేసిన ఆ పనిని చూపు ఆనక వదిలేశాడు. ఆ కుర్చీ కోసం మిగిలినవాళ్ళు ఇద్దరు. ఒకడు నోరిస్ హాస్లం. రెండోవాడు చేపల కొట్టు క్లెమెంట్ ఆగ్డెన్.

సంఘంలో ఓట్లూ చేతులెత్తడాలూ ఉండవు. ఇంటికొక బిళ్ళ చొప్పున తెచ్చి పళ్ళెంలో వేస్తారు. పోటీదారుల కళ్ళకి గంతలు కడతారు. వేళ్ళతో తడిమి అసలో నకిలీయో చెప్పాలి; ఒప్పో తప్పో ఆ బిళ్ళ తెచ్చినవాళ్ళు తేలుస్తారు. దాన్ని చీకటి పళ్ళెం అంటారు. కళ్ళున్నవాణ్ణి ఎవడైనా మోసం చేస్తాడు గానీ బొటనవేలిని మోసం చెయ్యడం కష్టమని వాళ్ళ నమ్మకం.

అందుకే నోరిస్ పొద్దున్నే గిన్నెలు తుడిచే గుడ్డ కళ్ళకి కట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు. భార్య బెరిల్ ఒక చేత్తో పెనం మీద గుడ్డు తిప్పుతూ, రెండో చేత్తో ఒక్కొక్క బిళ్ళే అందిస్తోంది. నోరిస్ చకచకా చెప్పేస్తున్నాడు. "అసలు. అసలు. ఇది నకిలీ, అంచులు చూడు, ఎలకలు కొరికినట్టున్నాయి. ఇది అసలు."

మొగుడు అంత బాగా చెబుతుంటే బెరిల్‌కి ముచ్చటేసింది. ఇంకో తేలికైన మార్కు వేయిద్దామనుకుని, ముందు గదిలో చలి కాచుకునే పొయ్యి పైన అరుగు మీద ఉన్న వాళ్ళ నాన్న బిళ్ళ తెచ్చి చేతిలో పెట్టింది. కొమ్ములెత్తి నిలబడ్డ దుప్పి. హెరాల్డ్ బటర్‌వర్త్ మొదటి ప్రపంచ యుద్ధమంతా నెత్తిన పెట్టుకున్న బిళ్ళ. ఆయన పోయినప్పటినుంచీ ప్రతి ఆదివారం బెరిల్ దాన్ని తోముతూనే ఉంది. దుప్పి ముక్కు అరిగి నున్నగా గులకరాయిలా అయింది.

నోరిస్ దాన్ని ఒకసారి తడిమాడు. వెనక్కి తిప్పి బొటనవేలు రాశాడు. పకపకా నవ్వాడు.

"పోత సరుకు! సంతలో తొట్టిలోంచి ఏరింది. ఎవడో పాపం ఏ అమాయకురాలికో అంటగట్టాడు."

పెనం మీద గుడ్డు మాడుతున్న వాసన వచ్చింది. నోరిస్ గంతలు పైకెత్తి చూశాడు. చేతిలో ఏముందో చూశాక అతని మొహం పిండి పూసినట్టు పాలిపోయింది.

"వేలికి నారింజ మార్మలేడ్ అంటుకుంది బెరిల్," అన్నాడు.

"మార్మలేడ్ సీసా ఇంకా మూతే తియ్యలేదు."

"నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేది మా నాన్న యుద్ధంలోకే పోలేదనా? ఊరందరినీ మోసం చేశాడనా?"

"ఆ మాట నేననలేదు. వెనకవైపు చూడు. అచ్చు కొట్టిన బిళ్ళకి ముందు ఏ బొమ్మ ఉంటే వెనక అదే గుంటలు పడి కనిపిస్తుంది. దీనికి వెనకంతా ఇసుక గరుకు. పోతకి అలా వస్తుంది."

"మరి ముక్కు? అంత అరిగిన ముక్కు ఎక్కడిది?"

నోరిస్ నోరు మూసుకుంటే బాగుండేది. కానీ పరీక్షకుడు కాబోయేవాడు నిజం దాచలేడు.

"ముక్కు నువ్వు అరగదీశావు బెరిల్. ఆదివారం ఆదివారం."

సాయంత్రం కోటు తొడుక్కుంటూ బెరిల్ చేతిసంచీ తెరిచి దుప్పి బిళ్ళని చేతిరుమాల్లో చుట్టి వేసుకుంది.

"మనింటి తరఫున ఇదే పళ్ళెంలో వేస్తున్నా," అంది. "నీ వేలికి దీని సంగతి తెలుసుగా. నలుగురిలో మా నాన్న పరువు తీస్తావో, నీ కుర్చీ పోగొట్టుకుంటావో నీ ఇష్టం."

"అసలుదని చెప్పి, తర్వాత కాదని తేలితే ఆగ్డెన్ నన్ను బతకనివ్వడు."

"నకిలీదని చెబితే నేను బతకనివ్వను. ఎవరు దగ్గరున్నారో చూసుకో."

హాలు కిటకిటలాడుతోంది. మాంసం కూరి కాల్చిన పైలు, బఠాణీ గుజ్జు వాసన కోట్ల తడి వాసనతో కలిసిపోయింది. బెరిల్ తల్లి హన్నా, ఎనభై దాటిన మనిషి, అప్పటికే మొదటి వరసలో కూర్చుని రెండో పై తినడం మొదలుపెట్టింది. పొద్దుటి గొడవ ఆమెకి బెరిల్ చెప్పలేదు. ఈ వయసులో ఆవిడకెందుకీ మనస్తాపం అనుకుంది.

నోరిస్‌నీ ఆగ్డెన్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టి గంతలు కట్టారు. ఒకసారి ఒకడు, మరోసారి రెండోవాడు ముందు చెప్పాలి. ఆగ్డెన్ ఊరుకునే రకం కాదు. నోరు తెరిస్తే వేళాకోళం.

"ఏమోయ్ హాస్లం, వేళ్ళు వణుకుతున్నాయా? పై తిని రావాల్సింది."

"నీ చేతుల చేపవాసనకి బిళ్ళలే పారిపోతాయి, చూసుకో."

జనం నవ్వారు. ఇద్దరూ ఇద్దరే. సగం పళ్ళెం అయ్యేసరికి ఎవరూ తప్పలేదు. బెరిల్ మొగుడి వేళ్ళని చూస్తోంది. అంత లావు వేళ్ళు, చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి అవస్థపడే వేళ్ళు, బిళ్ళ మీద మాత్రం పసిబిడ్డని పట్టుకున్నట్టు కదులుతాయి. ఉన్నట్టుండి ఆమెకి సంచీలోంచి బిళ్ళ తియ్యకుండా ఉంటే బాగుండేదనిపించింది. కానీ అది అప్పటికే పళ్ళెంలో ఉంది. కెప్టెన్ పిల్లింగ్ దాన్ని తీసి నోరిస్ అరచేతిలో పెట్టాడు.

ముందు చెప్పాల్సింది నోరిసే.

వేలు కొమ్ముల మీదకి పోయింది, అరిగిన ముక్కు దగ్గర ఆగింది. తిరగేశాడు. మళ్ళీ ముక్కు దగ్గరికొచ్చాడు. జనంలో ఎవరో బిళ్ళని గుర్తుపట్టి, "అయ్యో, అది బటర్‌వర్త్‌ది కాదూ!" అని గుసగుసలాడారు. ఆ గుసగుస హాలు చివరిదాకా వినపడింది.

బెరిల్ చేతిరుమాలు నలుపుతోంది. అసలుదని అనేస్తే ఇంటికెళ్ళి సుఖంగా టీ తాగొచ్చు. అంటాడు. పెళ్ళాం మీద అంత మాత్రం భయం ఉంది. కానీ అంటే, రేపటినుంచి ఆయన ఏ బిళ్ళని అసలుదన్నా తనకి ఈ దుప్పే గుర్తొస్తుంది. అనకుండా ఉంటే బాగుండునని ఒక మనసు, అంటే బాగుండునని ఒక మనసు.

"నకిలీ," అన్నాడు నోరిస్. దగ్గి మళ్ళీ అన్నాడు. "పోత సరుకు. క్షమించు బెరిల్."

ఆగ్డెన్ బిళ్ళని లాక్కున్నాడు. తిప్పి వెనక తడిమే ఓపిక లేదు. ఆ గుసగుస విన్న చెవులు అప్పటికే అతని పని చేసిపెట్టాయి. ముక్కు మీద వేలు పెట్టి లేచి నిలబడ్డాడు.

"సిగ్గులేదూ హాస్లం? సొంత మామగారి బిళ్ళని పోత సరుకంటావా? ఈ ముక్కు చూడండయ్యా! బురద కందకాల్లో నాలుగేళ్ళు నానితే గాని రాదు ఈ నునుపు. ఆ మహానుభావుడి చెమట తగిలిన ఇత్తడి ఇది. నేను ప్రమాణం చేసి చెబుతున్నా, అసలు సిసలైన బిళ్ళ!"

గంతలతోనే గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. వెనక వరసలో చప్పట్లు కూడా పడ్డాయి. కెప్టెన్ పిల్లింగ్ బిళ్ళని ముక్కుకి ఆనించుకున్నా ఏమీ తేల్చలేక, "బెరిలమ్మా, ఏమంటావు?" అన్నాడు.

బెరిల్ లేచింది. ఆమె బదులు మొదటి వరసలోంచి హన్నా మాట్లాడింది, పై నమలడం పూర్తిచేసి.

"అల్లుడు చెప్పింది నిజమే. అది నకిలీదే."

"అమ్మా!"

"అమ్మా లేదు, గిమ్మా లేదు. అసలుది మీ నాన్న దగ్గరుంది. శవపెట్టె మూతేసే ముందు కోటు మడత కింద నేనే గుచ్చాను. పై లోకంలో తోటి సిపాయిలు ఎదురుపడితే బోసి కోటుతో నిలబడతాడా ఆయన?"

బెరిల్ కుర్చీ వెన్ను పట్టుకుంది.

"మరి నేను ఇన్నేళ్ళు తోమిందేమిటే?"

"నువ్వు అంత్యక్రియలయిన మర్నాటినుంచీ నాన్న బిళ్ళేదీ, నాన్న బిళ్ళేదీ అని ప్రాణం తీశావు. సంతలో గుండీలమ్మేవాడి దగ్గర అలాంటిదే ఒకటి కనిపిస్తే కొనిచ్చాను. నీ ఏడుపు ఆగింది. ఆ తర్వాత చెబుదామంటే నువ్వు తోమడం ఆపితేగా!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. బెరిలే అని కొందరంటారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది కాబట్టి ఏ సంగతీ స్పష్టంగా చెప్పలేం. ఆగ్డెన్ గుండె మీద చెయ్యి తీసి, గంతలు మాత్రం తియ్యకుండా అలాగే కూర్చుండిపోయాడు. కెప్టెన్ పిల్లింగ్ తన భూతద్దం ఉన్న తోలు సంచీ నోరిస్ చేతిలో పెట్టాడు. ఆ సంఘంలో పట్టాభిషేకం అంటే అంతే.

చినుకుల్లో ముగ్గురూ ఇంటిదారి పట్టారు. హన్నా మధ్యలో, చెరో వైపు చెరొకరు. దీపస్తంభం దగ్గర బెరిల్ ఆగి, అమ్మ మీదుగా చెయ్యి చాచి మొగుడి కాలరు సరిచేసింది.

"అబద్ధమాడతావేమోనని భయపడ్డాను," అంది.

"నేనూ భయపడ్డాను," అన్నాడు నోరిస్.

కొంత దూరం నడిచారు. నోరిస్ ఏదో నమిలి మింగుతున్నట్టు దవడ ఆడిస్తున్నాడు. చివరికి ఆపుకోలేకపోయాడు.

"అత్తయ్యా, ఒక్క మాట. ఆ అసలు బిళ్ళకి వెనక కొక్కేలు రెండు ఉన్నాయా, నిలువు పట్టీ ఒకటి ఉందా? కొక్కేలైతే అంతకు ముందరి బోయర్ యుద్ధం నాటిది. అలాంటిది ఈ జిల్లాలోనే ఎవరి దగ్గరా..."

"నోరిస్," అంది బెరిల్, "గడ్డపార చేత్తో పట్టుకుని చర్చి సమాధుల వైపు వెళ్ళడం నా కంటపడిందో, నిన్ను కూడా ఆయన పక్కనే పెట్టిస్తాను."

"అంత దూరం ఎందుకులే," అంది హన్నా. "కొక్కేలే నాయనా. గుచ్చుతుంటే వేలికి పొడుచుకుంది కూడాను."

నోరిస్ బాధగా మూలిగాడు. బెరిల్ అతని మోచేయి గట్టిగా పట్టుకుని, చర్చి వీధి కాకుండా చుట్టుదారిన ఇంటికి తీసుకుపోయింది.