తువ్వాలు చాటు రేటు

చిన్నరాయప్ప తడిగుడ్డతో నల్లబోర్డు తుడుస్తున్నాడు. దానిమీద రేటు రాసి పద్దెనిమిదేళ్ళయింది. తుడవడం మాత్రం మానలేదు.

నూజివీడులో ఈ మామిడికాయల షెడ్డు ఒకప్పుడు సహకార సంఘానిది. రేటు జిల్లా ఆఫీసు నుంచి కాగితంమీద వచ్చేది. కాయ మగ్గినా, కుళ్ళినా ఆ రేటు మాత్రం మగ్గేది కాదు. రాయప్ప దాన్ని బోర్డుకెక్కించి, కాటా వేసేవాడు. సర్కారు రేటు పోయి సరుకు రేటు రావాలని అందరిలాగే అతనూ కోరుకున్నాడు. వచ్చింది. తువ్వాలు కప్పుకుని మరీ వచ్చింది.

కాటాలో మోసమని అర్జీ పెట్టి సంఘాన్ని మూయించినవాడు రామకృష్ణ. షెడ్డు లీజుకు తీసుకుని షావుకారైనదీ ఆయనే. రాయప్పకి ‘కాటాదొంగ’ అనే పేరు మిగిలింది. ఇంకెవరూ పనివ్వక ఆయన దగ్గరే కూలికి చేరాడు. షావుకారూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేలికి పదివేల లెక్కన వేళ్ళు పట్టుకుని బేరమాడుతుంటే, గాలికి లేవకుండా అంచు పట్టుకోవడం అతని పని. గుడ్డ ముడతల్లో వేళ్ళు లెక్కపెట్టడం రెండో ఏడే వచ్చేసింది. కూతురు నవ్య నర్సయ్యేదాకా పళ్ళు బిగించాడు.

ఇవాళ్టితో పని ఆఖరు. మైలవరంలో కూతురి దగ్గరికి పోతున్నాడు.

“పోయేముందు తువ్వాలు ఉతికి పోవోయ్,” అన్నాడు రామకృష్ణ నిన్న.

ఉతికే తెచ్చాడు.

చాట్రాయి నుంచి రైతు పుష్పావతి చిన్నరసాలు తెచ్చింది. తువ్వాలు కింద నాగపూర్ వ్యాపారి నాలుగు వేళ్ళు పట్టాడు.

“టన్ను ముప్ఫై వేలేనమ్మా. వేళ్ళు విరిచినా పెరగనంటున్నాడు,” అన్నాడు రామకృష్ణ.

రాయప్ప అంచు వదిలేసి, తువ్వాలు భుజాన వేసుకుని, బోర్డుమీద గుండ్రంగా రాశాడు: 40,000.

“ఏంటది?”

“రేటండీ. పాత అలవాటు.”

తెలుగు రాని నాగపూర్ ఆసామి అంకె చూసి నవ్వుతూ తలూపాడు. “హా, చాలీస్.”

పుష్పావతి రామకృష్ణ వంక చూసింది. వెనక నుంచి ఇంకో రైతు ఆంజనేయులు ముందుకొచ్చాడు. “మొన్న నా లోడు ఎంత, రాయప్పా?”

రాశాడు. అటుమొన్నటిదీ, కిందటి వారానివీ రాశాడు. సుద్దముక్క గోరంతయ్యేదాకా రాశాడు. రామకృష్ణ బోర్డు చెరపబోతే పుష్పావతి అడ్డంగా నిలబడింది.

“నా కాటా సరిగ్గానే ఉండేదండీ,” అన్నాడు రాయప్ప అందరికీ వినబడేలా. “అది వంకరని అర్జీ రాసింది ఈ తువ్వాలు కింద చెయ్యే.”

రైతులు షావుకారు చుట్టూ దగ్గరగా జరిగారు. రాయప్ప వెనక్కి చూడకుండా మైలవరం బస్సెక్కాడు.

పెద్ద కాటామీద ఉతికిన తువ్వాలు మడతపెట్టి ఉంది. ముల్లు సున్నా దగ్గరే నిలబడింది.