బావి గోడలో నది

"పచ్చడి గిన్నె మూత సరిగ్గా పెట్టలేదు, చూడు, సంచంతా నూనె," అన్నాడు మా ఆయన నజీర్, క్యారేజీ అందుకుంటూ. నేను మా కొత్త బావి గోడ వైపే చూస్తున్నాను.

వరసగా కొన్నేళ్లు వానల్లేక అద్దంకి చుట్టూ మిరపచేలన్నీ ఎండిపోయాయి. అందరిలాగే మేమూ చేలో బావి తవ్విస్తున్నాం. పైన నల్లరేగడి. దాని కింద తెల్లని సున్నపు గుళికలు కలిసిన ఎర్రమట్టి. అడుగున నున్నగా అరిగిన గులకరాళ్లు, అన్నీ పడమటికే వాలి ఉన్నాయి. పారే నీళ్లు రాళ్లను తాము వచ్చిన వైపుకే వాల్చి పెడతాయి. గుండ్లకమ్మ ఇప్పుడు ఇక్కడికి కొన్ని మైళ్ల దూరం. అయినా ఒకప్పుడు ఇక్కడ ఏరు పారింది.

"ఇక్కడ ఏరుండేదండీ," అన్నాను.

"ఉంటే ఈ ఖర్చు తప్పేదిగా," అని నవ్వి అన్నం కలుపుకున్నాడు.

జియాలజీ ఎమ్మెస్సీ సగంలో ఉండగా నాకు పెళ్లి చేశారు. "పరీక్షలదేముందమ్మా, ఎప్పుడైనా రాసుకోవచ్చు," అంది మా అత్త జానీబీ. ఆడబిడ్డ పురుడు, మామగారి జబ్బు, మిరప కోతలు, కళ్లంలో తాలుకాయలు ఏరడం, ఆ ఘాటుకి రాత్రంతా మండే చేతులు. ఆ "ఎప్పుడైనా" రానేలేదు. ఎండిన ఏటి పాయలో సుత్తి పట్టుకుని, దాహం కూడా తెలియకుండా నడిచిన మధ్యాహ్నాలు మాత్రం బట్టలుతుకుతుంటే గుర్తొచ్చేవి. ఎవరో కావలసినవాళ్లు దూరాన ఉన్నట్టు అనిపించేది.

బావికి రాతి కట్టడం మొదలైతే ఆ గోడ ఇక కనబడదు. మందుల షాపుకని ఊళ్లోకి వెళ్లి, టెలిఫోన్ బూత్ నుంచి కాలేజీలో మాకు జియాలజీ చెప్పిన రెబ్కా మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నన్ను మర్చిపోలేదు. నాలుగు రోజుల్లో జీపులో వచ్చింది.

ఇద్దరం నిచ్చెన మీద బావిలోకి దిగాం. తడి ఇసుక వాసన తగలగానే వేళ్లతో ఆ పొరను గీకి చూశాను.

"నువ్వు చెప్పు, ఏం జరిగుంటుంది?" అంది మేడమ్.

"ఈ రాళ్లను దొర్లించాలంటే పెద్ద వరదలుండాలి మేడమ్. ఆ గుళికలు కట్టింది ఆ తర్వాతెప్పుడో, వానలు తగ్గిన కాలంలో. కానీ వానలు తగ్గితే ఏరు చిక్కుతుంది గానీ, ఇప్పటి గుండ్లకమ్మ దాకా ఇంత దూరం జరుగుతుందా? కింద నేలే ఒరిగిందేమో."

"నాకూ అదే అనుమానం. ఒక్క బావితో తేలదు. సోమవారం నుంచి గుండ్లకమ్మ వెంట ఇలాంటి పొరలు వెతుకుతాం. మాతో వస్తావా?"

గట్టు మీద నుంచి నజీర్ అన్నాడు, "తనకెక్కడ కుదురుద్దండీ? ఇంట్లో మా అమ్మకి మోకాళ్ల నొప్పులు."

మేడమ్ తల ఎత్తలేదు. నావైపే చూస్తోంది. నేను ఆ గులకరాళ్ల మీద చెయ్యి ఆనించాను, చల్లగా ఉన్నాయి.

"వస్తాను మేడమ్," అన్నాను.

ఇంటికెళ్లే దారిలో నజీర్ బండి నెమ్మది చేసి, "నన్నొక్క మాట అడక్కుండానే ఒప్పేసుకున్నావే," అన్నాడు.

"మీరు కూడా నన్నడక్కుండానే కుదరదన్నారుగా," అన్నాను.

సోమవారం పొద్దున జీపు వచ్చేసరికి నేను రోడ్డు మీద నిలబడి ఉన్నాను.