అంకె, లేకుంటే ఏమీ లేదు

జమ్మలమడుగు హెప్సిబాకు కొత్తదంటే మోజు. ప్రొద్దుటూరులో నాగేంద్ర నడిపే చిన్న కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకో రెండు నెలల్లో గడువు తీరిపోతుంది. పులివెందుల దగ్గర అలివేలమ్మ చీనీ బత్తాయి తోటలో డ్రిప్పుకు నీళ్లు వదిలే ప్రోగ్రాము ఆమే రాసింది. నేలలో తడి ఎంతుందో సెన్సారు అంకెల్లో చెబుతుంది. తీగ తెగితే ఏమీ చెప్పదు. అందుకే 'అంకె వస్తుంది, లేకుంటే ఏమీ రాదు' అని చెప్పే టైప్ హింట్లు పెట్టింది, అదీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ పద్ధతిలో. వాటిని చదివి ముందుగానే తప్పులు పట్టే చెకర్ ఒకటుంది.

తోటలో ఉన్నదేమో ఓబీరాయుడి కాలం నాటి కంప్యూటరు, పాత పైథాను. కొత్త రాత చూడగానే ప్రోగ్రాము మొరాయించింది. అలివేలమ్మ ముందర నాగేంద్ర మొహం మాడిపోయింది.

"పైన ఒక్క లైను పెడితే పాతదాంట్లోనూ పోతుంది సార్. పది నిమిషాలు."

"ఆ హింట్లు లేకుంటే ప్రోగ్రాము నడవదా?"

"నడుస్తుంది సార్, కానీ..."

"నడుస్తుందంట గదా, పీకెయ్! కానీలు గీనీలు నాకాడ చెప్పొద్దు. రెన్యువల్ దగ్గర పడతాంది, గుర్తుండాదా?"

గుర్తుండక ఏం? కాంట్రాక్టు బతుకులకు గుర్తుండేదే అదొక్కటి. హెప్సిబా పెట్టిన హింట్లన్నీ తన వేళ్లతోనే చెరిపేసింది.

రెండు వారాలకు, తనకూ ప్రోగ్రాములు వచ్చునని నాగేంద్ర ఒక లైను మార్చాడు. అంకె వచ్చిందో లేదో చూడకుండానే లెక్కలోకి తీసుకున్నాడు మహానుభావుడు. హింట్లుంటే చెకర్ గగ్గోలు పెట్టేది. లేవు కాబట్టి గమ్మునుంది. ఆ వారమే అడవి పందులు తీగ కొరికాయి. అంకె రాక, వాల్వు తెరిచి ఉండగానే ప్రోగ్రాము ఆగిపోయింది. అలివేలమ్మ కూతురి కాన్పుకని ఊరు వెళ్లింది. పది రోజులు చెట్ల మొదళ్లలో నీళ్లు నిలిచిపోయాయి. నెల తిరిగేసరికి నలభై చెట్లు వేరు కుళ్లి ఎండిపోయాయి.

"పందులు చేసిన పనమ్మా," అన్నాడు నాగేంద్ర, ఎండు కొమ్మ విరుస్తూ.

అలివేలమ్మ నమ్మలేదు. హెప్సిబా వైపు తిరిగింది. "పాపా, రాసింది నువ్వు గదా. నువ్వు చెప్పు. పందులేనా?"

ఒక్క మాట చాలు. పీకించింది ఎవరో, మార్చింది ఎవరో హెప్సిబాకు తెలుసు. పీకింది ఎవరో కూడా తెలుసు. నాగేంద్ర ఆమెకేసి చూడను కూడా లేదు, అంత ధీమా.

"పందులే అవ్వా," అంది. తన మీద తనకే అసహ్యమేసి ఏడుపొచ్చేసింది.

అలివేలమ్మ దగ్గరికొచ్చి కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. "ఊరుకో పాపా. నా చెట్ల కోసం నువ్వన్నా ఏడ్చినావు, అదే సాలు."