ఎదురొచ్చే కన్ను

మా ఆయనగారు ఆఫీసుకు బయల్దేరాలంటే ఎవరో ఒకరు శుభంగా ఎదురు రావాలి. టిఫిన్ డబ్బా సర్దేది నేను, చొక్కా ఇస్త్రీ చేసేది నేను. ఎదురు రావడానికి మాత్రం నేను పనికిరాను. ఆ ఉద్యోగం మా అమ్మాయి హర్షితది. దానికి ఆరేళ్ళు. ఎడమ కన్ను కాస్త ముక్కువైపు తిరిగి ఉంటుంది. "ఆడబిడ్డకి మెల్లకన్ను ఉండాదంటే ఇంట్లో లక్ష్మి ఉన్నట్లేనప్పా" అని మా అత్త తీర్పు. బెంగళూరు పక్కన హొసకోటెలో ఇల్లు కట్టింది ఆ కంటివల్లే, మా ఆయన రాజగోపాల్ టీమ్ లీడ్ అయింది ఆ కంటివల్లే. ఆ ఇంట్లోకి నా జీతం కూడా వస్తోందని ఎవరికీ గుర్తురాదు.

ఆ లక్ష్మి కంటికి చూపే లేదని కనిపెట్టింది నేను. దాగుడుమూతల్లో కుడి కన్ను మూస్తే పిల్ల ఎదురుగా ఉన్న నా ముఖం గుర్తుపట్టలేకపోయింది. డాక్టర్ గీతాంజలి విడమరచి చెప్పారు. కంట్లో జబ్బేమీ లేదట. రెండు కళ్ళూ చెరో వైపు చూస్తుంటే మెదడు గందరగోళపడి, వంకరగా ఉన్న కంటి మాట వినడం మానేసింది. అలా అలా ఆ కన్ను చూడటమే నేర్చుకోలేదు. లేజీ ఐ అంటారట. మాట వినకుండా మూలన కూర్చోబెట్టి, పైగా బద్ధకమని పేరు పెట్టడం నాకు కొత్తగా అనిపించలేదు. నేనూ ఒక ఇంటి కోడలినే.

"మంచి కంటిని రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్యాచ్‌తో మూయండి. అప్పుడు మెదడు రెండోదాని మాట వింటుంది. వయసు పెరిగేకొద్దీ కష్టం" అన్నారావిడ.

ఎలక్ట్రానిక్ సిటీ దాకా పోవాలి కనుక నా క్యాబ్ పెందలాడే వస్తుంది. పిల్లను లేపి, ప్యాచ్ అంటించి వెళ్ళేదాన్ని. సాయంత్రానికి దాని అంచులు లేచి ఉండేవి. చెమటకేమో అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత చూస్తే చూపు ఇసుమంతైనా మారలేదు. "రోజూ పెడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే, "రోజూ" అన్నాను రోషంగా. హర్షిత నా చున్నీ లాగింది. "నాన్నకి ఎదురు రావాలని అవ్వ తీసేస్తుంది కదమ్మా. నువ్వొచ్చే ముందు మళ్ళీ అంటిస్తుంది. నీకు చెప్పొద్దంది."

ఇంటికొచ్చి నిలదీస్తే, "ఒంటికన్ను ఎదురొస్తే పోయిన పని ఎట్ల అవుతాది?" అంది అత్త, చిక్కుడుకాయలు వలుస్తూనే.

రాజగోపాల్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ప్రమోషన్ టైమ్ నళినీ, కొంచెం అడ్జస్ట్ చేసుకో. నెక్స్ట్ ఇయర్ పెడదాం."

"మీకు తెలుసా?"

"తెలుసు. నువ్వు రాద్ధాంతం చేస్తావనే చెప్పలేదు."

ఇంజనీరింగ్ చదివిన మనిషి! గుమ్మం దాటడానికి ఆయనకు కన్నకూతురి చూపు కావాలి. ఇన్నేళ్ళూ నేను ఇస్త్రీ చేసింది ఇతని చొక్కాలా అని అసహ్యం వేసింది. ఏడుపు రాలేదు.

మర్నాడు క్యాబ్ వద్దన్నాను. హర్షిత కుడి కంటికి ప్యాచ్ అంటించాను. "అంతా మసగ్గా ఉందమ్మా" అంది బిక్కమొహంతో. ఇంకో ప్యాచ్ తీసి నా కుడి కంటికి అంటించుకున్నాను. అది కిలకిలా నవ్వింది. ఇద్దరం చేతులు పట్టుకొని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాం.

రాజగోపాల్ బ్యాగు తగిలించుకొని గడప దాటాడు. రెండు ఒంటికళ్ళను చూసి, దాటిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"అయ్యో, కూర్చోని నీళ్ళు తాగి పోప్పా!" లోపల్నుంచి అత్త కేక.

నీళ్ళు తెమ్మన్నట్టు ఆయన అలవాటుగా నావైపే చూశాడు.

"మీరే తెచ్చుకొని తాగి రండి. మేం ఇక్కడే ఉంటాం. పాపకు చూపొచ్చేదాకా రోజూ ఉంటాం" అన్నాను.

హర్షిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, నాన్న నీకూ మసగ్గా ఉన్నాడా?"

"లేదు తల్లీ. బాగా కనిపిస్తున్నాడు."