పడుకుని చూసిన ఇల్లు

చివరి డబ్బాను బల్ల మీద బోర్లించి, అడుగున ఒక్క దెబ్బ కొట్టి, వేడి బ్రెడ్డు జారి బయటపడ్డాక ఆమె నడుం నిటారు చేసింది. బేకరీ కిటికీలు అప్పుడే తెల్లబడుతున్నాయి. మోచేతుల దాకా చుట్టుకున్న గుడ్డలు విప్పితే కింద కాలిన మచ్చలు, పాతవి చామనఛాయలో కలిసిపోయి, కొత్తవి ఇంకా ఎర్రగా. పెళ్లయిన కొత్తలో చేరిన రాత్రి డ్యూటీ. జుట్టు నెరిసింది గానీ డ్యూటీ మారలేదు. ఊరంతా లేచే వేళకు ఆమె వెళ్లి పడుకోవాలి. పడుకోవడం వరకూ ఆమె చేతిలో ఉంది. నిద్ర లేదు.

"ఏమే గుడ్లగూబా, ఇవాళ కూడా ఇళ్ల వేటేనా?" అని అడిగింది పిండి కలిపే ఆవిడ. బేకరీలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, ముద్దుగానే.

"ఇవాళ తేల్చేస్తానే."

"ఎక్కడైతేనేం, నాలుగు గోడలేగా!"

"గోడలెవరికి కావాలి? నాకు నిద్ర కావాలి."

వాళ్లు అద్దెకుంటున్న గది పాత ఇనుము కొట్టు పైన. పొద్దెక్కగానే కింద సుత్తులు మొదలవుతాయి. ఆమె కిటికీకి నల్ల కంబళి అడ్డంపెట్టి మేకులు కొట్టింది. చెవుల్లో దూది కుక్కుకుంటుంది. అయినా మోత ఉన్నంతసేపూ నిద్ర పట్టదు, మోత ఆగితే మళ్లీ ఎప్పుడు మొదలవుతుందోనని పట్టదు. ఆ కంబళికి ఒక చిల్లు. అందులోంచి పడే వెలుతురు చుక్క దిండు మీంచి గోడ మీదికి పాకడం చూస్తూనే సగం జీవితం గడిచిపోయింది.

భర్త చెప్పుల షాపులో పనిచేస్తాడు. మనుషుల మొహాలు మర్చిపోతాడు గానీ పాదాలు మర్చిపోడు. ఇద్దరూ కడుపు కట్టుకుని కూడబెట్టింది ఒక్క ఇంటికి సరిపోతుంది. పేట ఎంచుకోవడంలో పొరపాటు చేస్తే దిద్దుకోవడానికి ఇంకో జీవితం లేదు. అందుకే ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. బ్రోకరు ఏ ఇల్లు చూపించినా గోడలు తట్టదు, కుళాయి తిప్పదు. సంచిలోంచి దుప్పటి తీసి నేల మీద పరుస్తుంది. "కాసేపు పడుకుని చెప్తాను బాబూ" అంటుంది. మొదటిసారి ఆ మాట విని బ్రోకరు నోరెళ్లబెట్టాడు. ఇప్పుడు అలవాటైపోయి, దుప్పటి రెండో కొస అతనే పట్టుకుంటున్నాడు.

ఆ రోజు మొదట చూసింది పెద్ద పేట. వెడల్పాటి రోడ్లు, ఎత్తైన గేట్లు, కడిగిన మెట్లు. భర్త అప్పుడే ఆ ఇంటివాడైపోయాడు.

"ఈ అడ్రసు చెప్తే చాలు, మా ఓనరు లేచి కుర్చీ వేస్తాడు!"

"సాయంత్రంలోగా చెప్పాలండీ. వేరేవాళ్లు కూడా మనసు పడ్డారు" అన్నాడు బ్రోకరు.

ఆమె పడుకుంది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. కానీ కళ్లు మూతపడలేదు. ఏ తలుపు ధడాలున పడుతుందో, ఏ మోత మొదలవుతుందో అని చెవులు రిక్కించుకునే ఉన్నాయి. ఆ పేట తప్పేమీ లేదు. ఇన్నేళ్లుగా ఆమె నిద్రకు ఆమే కాపలా. కాపలావాడు నిద్రపోతే ఎలా?

"పట్టలేదండీ" అంది లేచి. భర్త మొహం మాడిపోయింది. ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. బంగారంలాంటి ఇంటిని కాదనడానికి నేనెవర్తిని అనుకుంది.

తిరిగి వచ్చే దారిలో ఇంకొకటి ఉంటే బ్రోకరు మొహమాటంగానే చూపించాడు. ఇరుకు సందు. కింద కుట్టుమిషన్ల గరగర, పక్కింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు. మెట్ల మీద పిల్లలు గోడకు బంతి కొడుతున్నారు. "ఇక్కడ కాస్త సందడండీ. దారిలో ఉందని చూపిస్తున్నా, అంతే." భర్త లోపలికి కూడా రాలేదు. ఆమె మాత్రం దుప్పటి పరిచింది. పద్ధతి పద్ధతే.

ధబ్, ధబ్, ధబ్. బంతి సరిగ్గా ఆమె తల వెనక గోడకే తగులుతోంది. దూది కోసం సంచిలో చెయ్యి పెట్టింది. అంతలో తలుపు సందులోంచి ఎవరో ముసలావిడ తొంగిచూసి వెళ్లినట్టనిపించింది.

"ఒరేయ్ పిల్లలూ, కిందికెళ్లి ఆడుకోండి. లోపల ఎవరో పడుకున్నారు."

"ఎవరు మామ్మా?"

"ఎవరైతేనేంరా? అలిసిపోయిన మనిషి. పదండి!"

బంతి మెట్లు దిగి దూరమైపోయింది. పక్కింట్లో గిన్నె ఒకటి చాలా మెల్లగా నేల మీద ఆనింది. కుట్టుమిషన్లు సాగుతూనే ఉన్నాయి గానీ వాటి మీదుగా అరుచుకుంటున్న గొంతులు గుసగుసల్లోకి దిగాయి. ఆమె పేరు వాళ్లకు తెలియదు, ఆమె ఆ ఇల్లు కొంటుందో లేదో తెలియదు. కళ్ల చివరల నుంచి నీళ్లు జారి, దూది పెట్టాల్సిన చెవుల్లోకే దిగాయి. తుడుచుకుందామనుకుంది. ఆ లోపలే నిద్ర పట్టేసింది.

లేచేసరికి ఎండ అవతలి గోడకు మారింది. గుమ్మంలో బ్రోకరు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మెట్టు మీద ముసలావిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పైకి వచ్చే ప్రతివాడికీ పెదాల మీద వేలు పెట్టి చూపిస్తోంది. భర్త గోడకు చేరగిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఆ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందండీ?"

"గురక పెట్టావే నువ్వు. ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు నేను." వంగి దుప్పటి కొస పట్టుకున్నాడు. "ఇదే తీసుకుందాం."

"మరి మీ ఓనరు కుర్చీ?"

"నిలబడే ఉంటాలే. ఎలాగూ చెప్పుల షాపులో కుర్చీలు కొనేవాళ్లకేగా!"

ఆమె నవ్వు మెట్ల కింద దాకా వినపడింది. పిల్లలు అదే సైగ అనుకుని, గెలిచినంత హడావుడిగా బంతి పట్టుకుని పైకి పరుగెత్తుకొచ్చారు. ఆ నవ్వుకు ఉలిక్కిపడి లేచిన బ్రోకరు "ఇక్కడ కాస్త సందడండీ" అన్నాడు, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే. ముసలావిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

నెల తిరిగేసరికి గది ఖాళీ చేశారు. సామాను దించుతుంటే ఇనుము కొట్టతను సుత్తి పక్కన పెట్టి వచ్చాడు.

"పగలు పడుకుంటావని ఇవాళే తెలిసిందమ్మా. ఒక్క మాట చెప్పి ఉంటే ఇనుమంతా దూరంగా గేటు దగ్గర కొట్టుకునేవాళ్లం కదా!"

"నాకు అడగడం తెలియదన్నా. అక్కడ అడక్కుండానే ఇచ్చారు" అంది ఆమె.

భర్త కంబళి మేకులు పీకడానికి పటకారు తెచ్చాడు. ఆమె వద్దంది. సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా, పెళ్లికి వెళ్తున్నంత హుషారుగా మెట్లు దిగింది. చిల్లులోంచి వెలుతురు చుక్క దిండు లేని నేల మీద పడుతుండగా, నల్ల కంబళి నాలుగు మేకులకు వేలాడుతూ ఆ ఖాళీ గదికి కాపలాగా ఉండిపోయింది.