కుంజన్నమ్మ ప్రార్థన విన్నపం

కేరళలో మీనచ్చిల్ ఏటి ఒడ్డున మా పేటలో బుధవారం మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన కూటం జరుగుతుంది. ఆ రోజు కుంజన్నమ్మ లేచి కళ్ళు మూసుకుంది. "మా తమ్ముడి కూతురు జిన్సీ కోసం ప్రార్థించండమ్మా. పాపం, పిల్ల మనసు చెదిరింది. మందులు మింగుతోంది."

ముప్పై గొంతులు అయ్యో అన్నాయి. వెనక బెంచీలో ఉన్న జిన్సీ తల్లి రాహేలమ్మకు ఒళ్ళు మండిపోయింది. కూతురు నర్సింగు చదువు ఆపి వచ్చిన సంగతి, డాక్టరు సంగతి ఆమె ఆడపడుచు కుంజన్నమ్మ ఒక్కదానికే, అదీ చెవిలో చెప్పింది.

తిన్నగా చర్చి గురువు దగ్గరికి, అందరూ అచ్చన్ అని పిలిచే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన గడ్డం నిమురుకుంటూ, "ఓర్చుకోమ్మా. ప్రేమకొద్దీ చెప్పింది," అన్నాడు.

"మీ ఇంటి గుట్టు నేనిలాగే చెబితే ప్రేమే అంటారా అచ్చన్?" అనేసి వచ్చేసింది.

మూడు రోజులు కోపంతోనే మోకరించింది. "ప్రభువా, అడిగితే జ్ఞానమిస్తావుగా! వదిన మళ్ళీ నోరెత్తలేని మాట ఒక్కటివ్వు." ఏ మాటా రాలేదు. శనివారం కర్రపెండలం ఉడుకుతుంటే దేవుడి మీదే విరుచుకుపడింది: "మరి నన్నేం చెయ్యమంటావ్? అదైనా చెప్పు!"

అప్పుడు తట్టింది. జిన్సీని తను ఒక్క మాటా అడగలేదు.

జిన్సీ వరండాలో బట్టలు మడుస్తోంది. తల్లి చెప్పిన సంగతంతా విని చేతిలో చీర పక్కన పడేసింది. "అత్త మీద ఎంత కోపమో నీ మీదా అంతే ఉందమ్మా. ఆవిడ ఊరంతా చాటింది. నువ్వేమో నేను దొంగతనం చేసినట్టు దాచావు. నన్నెవరైనా అడిగారా?"

రాహేలమ్మ ఆ చీర తీసి తనే మడిచింది. "ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చెయ్యను?"

"నాతో రా. మాట్లాడేది నేను. నువ్వు నోరు మెదపకు."

"సరే."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో కుంజన్నమ్మ చేతులు చాపుకుంటూ ఎదురొచ్చింది. "బంగారుతల్లీ, నీకోసం అందరం ప్రార్థిస్తున్నాం!"

"నా పేరెత్తే ముందు నన్ను అడగాలి కదా అత్తా," అంది జిన్సీ, చుట్టూ అందరికీ వినపడేలా. "నాకు జబ్బు చేసింది, మందు వేసుకుంటున్నాను. అందులో సిగ్గేముంది? సిగ్గుపడాల్సింది మీరు."

"నీ మంచికే చెప్పానే!"

"అయితే తలుపేసుకుని దేవుడికి చెప్పండి. ఆయనకు చెవుడు లేదు."

కుంజన్నమ్మ రాహేలమ్మ వైపు తిరిగింది. "విన్నావా దీని నోరు? నువ్వేమీ అనవేం?"

మూడు రోజులుగా కూడబెట్టిన మాటలన్నీ రాహేలమ్మ నాలుక చివరిదాకా వచ్చాయి. కూతురికి మాటిచ్చింది కనుక పళ్ళు బిగించి మింగేసింది. కుంజన్నమ్మ ఆ నెలంతా వాళ్ళ గడప తొక్కలేదు. రాహేలమ్మ కోపమూ చల్లారలేదు.

ఆ ఆదివారం తర్వాతి బుధవారమే కూటం ముగిశాక ఒకామె రాహేలమ్మ పక్కకు జరిగి గుసగుసగా, "మా కోడలికీ నిద్రుండట్లేదు. మీ అమ్మాయి చూపించుకునే డాక్టరెవరు?" అంది.

"జిన్సీని అడిగి చెబుతాను," అంది రాహేలమ్మ.